రమ్మీ, మూడు ముక్కలాట వచ్చినవాళ్లు పోకర్‌కి కూర్చుంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డాలస్ వచ్చి మూడు నెలలైంది. ఆఫీసు స్నేహితులు శనివారం రాత్రుళ్లు టెక్సాస్ హోల్డెమ్ అనే రకం పోకర్ ఆడుతున్నారు. మీకు పదమూడు ముక్కల రమ్మీ, మూడు ముక్కలాట చిన్నప్పటి నుంచీ వచ్చు. అయినా మూడు శనివారాలూ డబ్బులు పోయాయి. రూల్స్ ఏమిటి, ఎలా ఆడాలి, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడితో ఆన్‌లైన్‌లో డబ్బులు పెట్టి ప్రాక్టీస్ చేయొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మీకు పంచిన చేతుల్లో నూటికి ఎనభై మొదట్లోనే పడేయండి. ఆడే ఇరవైలో ఎక్కువ భాగం మీరు ఆఖర్న మాట్లాడే చోట ఆడండి. ముక్క కోసం డబ్బు కట్టే ముందు దాని ధర లెక్క వేసుకోండి. తమ్ముడితో ఆన్‌లైన్‌లో డబ్బులు పెట్టి ఆడొద్దు, చట్టం ఒప్పుకోదు. దాని గురించి చివర్లో చెప్తాను.

నేను ఈ ఊళ్లోనే పదిహేనేళ్లుగా ఇళ్లలో ఆడుతున్నాను. మొదటి ఏడాదంతా పోగొట్టుకున్నాను. తర్వాత ప్రతి ఆటకీ ఎంత తెచ్చానో, ఎంత పట్టుకెళ్లానో నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాకే నా తప్పులు నాకు కనిపించాయి. చాలావరకు అవి రమ్మీ, మూడు ముక్కల నుంచి తెచ్చుకున్న అలవాట్లే. మీ విషయంలోనూ అదే జరుగుతోందని నా అనుమానం.

ఆట నడిచే తీరు చూద్దాం. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, అవి మీరే చూసుకోవాలి. టేబుల్ మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు: మొదట ఒకేసారి మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. ఆఖరిది రివర్. మీ రెండూ, ఆ ఐదూ కలిపి ఏడింటిలో బాగున్న ఐదే మీ చెయ్యి. పందెం నాలుగు సార్లు నడుస్తుంది: ఫ్లాప్‌కి ముందు, ఫ్లాప్ మీద, టర్న్ మీద, రివర్ మీద. ఎవరూ పందెం వేయకపోతే చెక్ అనొచ్చు, అంటే డబ్బు పెట్టకుండా వంతు దాటించడం. వేస్తే కాల్ చేయాలి (అంతే డబ్బు కట్టాలి), పెంచాలి, లేదా ఫోల్డ్ కావాలి. ఫోల్డ్ అంటే మన ప్యాక్, ముక్కలు పడేసి తప్పుకోవడం. అందరూ ప్యాక్ అయితే మిగిలినవాడు ముక్కలు చూపించకుండానే పాట్, అంటే మధ్యలో పోగైన డబ్బంతా, తీసుకుంటాడు.

ఇక్కడ 'బ్లైండ్' అనే మాట మిమ్మల్ని తికమకపెడుతుంది. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. ఇక్కడ బ్లైండ్ అంటే డీలర్ బటన్‌కి (పంచేవాడి చోటు చూపించే బిళ్లకి) ఎడమ పక్కనున్న ఇద్దరూ తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం. ఒకరిది చిన్నది, రెండోవారిది పెద్దది. అందరూ కలిసి పెట్టే బూట్ బదులు ఆ ఇద్దరే పెడతారన్నమాట. ప్రతి చేతికీ బటన్ ఒక్కో మనిషి చొప్పున ఎడమకి జరుగుతుంది కాబట్టి ఆ భారం అందరి మీదా పడుతుంది.

చేతుల వరుస పై నుంచి కిందికి ఇలా ఉంటుంది: ఒకే రంగులో, అంటే అన్నీ ఆఠీన్‌లో అన్నీ ఇస్పేట్‌లో అయి, వరుసగా ఐదు (అందులో పది నుంచి ఆసు దాకా వస్తే రాయల్ ఫ్లష్), ఒకే ముక్క నాలుగు, ఫుల్ హౌస్ అంటే మూడూ రెండూ, ఫ్లష్ అంటే ఐదూ ఒకే రంగు, స్ట్రెయిట్ అంటే రంగు కలవని సీక్వెన్స్, ఒకే ముక్క మూడు, రెండు జతలు, ఒక జత, ఏమీ లేకపోతే పెద్ద ముక్క.

దీన్ని ఇంకోసారి చదవండి. మూడు ముక్కల్లో సీక్వెన్స్ కలర్‌ని, అంటే ఫ్లష్‌ని, కొడుతుంది. ఇక్కడ కలర్ సీక్వెన్స్‌ని కొడుతుంది. మూడు ముక్కలతో సీక్వెన్సులు 720, కలర్లు 1,096 వస్తాయి, కాబట్టి సీక్వెన్స్ అరుదు. ఐదు ముక్కలతో తిరగబడుతుంది: 25,98,960 చేతుల్లో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108 మాత్రమే. మూడు ముక్కల్లో రాజులా ఏలే ట్రయల్ (ఒకే ముక్క మూడు) కూడా ఇక్కడ స్ట్రెయిట్ కంటే కిందే.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. నా రెండో శనివారం చేతిలో ఎనిమిది, తొమ్మిది. ఫ్లాప్‌లో ఏడు, పది, జాకీ పడ్డాయి. ఏడు నుంచి జాకీ దాకా సీక్వెన్స్ చేతిలో ఉంది. ఆ ఏడూ పదీ ఆఠీన్‌లు, రివర్‌లో ఆఠీన్ రెండు పడింది. ఎదుటాయన పెద్ద పందెం వేశాడు. కలర్ వస్తే మాత్రం నా సీక్వెన్స్‌ని ఏం చేస్తుందిలే అనుకుని ఉన్నదంతా తోశాను. 140 డాలర్లు. ఆయన ముక్కలు తిప్పాక కూడా నేనే గెలిచాననుకుని పాట్ మీద చెయ్యి వేశాను.

ఇంకొక్క రూల్, కిక్కర్. బోర్డు మీద ఆసు, ఎనిమిది, ఐదు, రెండు, తొమ్మిది ఉన్నాయనుకోండి. మీ దగ్గర ఆసు-జాకీ, ఎదుటివారి దగ్గర ఆసు-రాజు. ఇద్దరికీ ఆసుల జతే, కానీ పక్క ముక్క రాజు కాబట్టి ఆయన గెలుస్తాడు. ఇళ్లలో ఆడే ఆటల్లో ఎక్కువ డబ్బు చేతులు మారేది సరిగ్గా ఇలాంటి చోటే. అందుకే ఆసు వచ్చింది కదా అని ఆసు-నాలుగు, ఆసు-ఆరు పట్టుకుని ఎవరో పెంచాక వెంటపడకండి. ఆసు పడకపోతే మీకేమీ లేదు, పడితే రెండో స్థానంలో ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం.

రమ్మీలో చెయ్యి బాగుచేసుకునే ఆట ఆడతాం. పదమూడు ముక్కలు చెత్తగా పడినా ఒకటి ఎత్తి ఒకటి పారేస్తూ పది వరసల్లో నిలబెట్టొచ్చు. అందుకే మనకి ఓపిక పట్టి ఉంటే ముక్క పడుతుందన్న నమ్మకం లోపల పాతుకుపోయి ఉంటుంది. హోల్డెమ్‌లో మీ రెండు ముక్కలు మారవు. రాబోయే ఐదూ మీకొక్కరికే కాదు, టేబుల్ మొత్తానికీ. పైగా ప్రతి ముక్క చూడటానికీ టికెట్ ఉంది. జతకాని రెండు ముక్కలతో కూర్చుంటే ఫ్లాప్‌లో కనీసం ఒక జత కలిసేది మూడింట ఒక్కసారే. అంటే ఆసు-రాజు లాంటి మంచి చెయ్యి కూడా మూడింట రెండుసార్లు తప్పుతుంది. ఇక జాకీ-నాలుగు సంగతి చెప్పేదేముంది.

మా తాతయ్య సంక్రాంతికి అరుగు మీద రమ్మీ ఆడేవాడు. పంచిన ముక్కలు ఒక్కసారి విప్పి చూసి ప్యూర్ సీక్వెన్స్‌కి దారి లేదంటే మాట్లాడకుండా బోర్లించేవాడు. 'ఇరవై పాయింట్లతో పోయేదాన్ని ఎనభై దాకా ఎందుకు లాగాలి' అనేవాడు. నూటొకటి పూల్ ఆడినవాళ్లకి తెలుసు: ఫస్ట్ డ్రాప్ ఇరవై, మధ్యలో అయితే నలభై. ఫోల్డ్ అంటే అదే ఫస్ట్ డ్రాప్. తేడా ఏమిటంటే, బ్లైండ్‌లో లేకపోతే ఇక్కడ ఫస్ట్ డ్రాప్ ఉచితం. అంత చవగ్గా దొరికేదాన్ని మనవాళ్లు వాడుకోరు. శనివారం కోసం వారమంతా ఎదురుచూసి వచ్చి గంటసేపు ముక్కలు పడేస్తూ కూర్చోవడం కష్టంగా ఉంటుంది. నిజమే, నాకూ ఇప్పటికీ కష్టమే. కానీ ఆటలో డబ్బు మిగిలేది అక్కడే.

మరి ఏవి ఆడాలి? ఎనిమిది మంది ఉన్న టేబుల్‌లో, ముందుగా మాట్లాడాల్సిన చోట ఉంటే పదుల జత నుంచి పైకి, ఆసు-రాజు, ఆసు-రాణి, రంగు కలిస్తే ఆసు-జాకీ, రాజు-రాణి. మధ్యలో ఉంటే చిన్న జతలు, ఆసు-జాకీ, రంగు కలిసిన ఆసు-పది కూడా కలుపుకోండి. బటన్ మీద ఉండి ముందువాళ్లు మెత్తగా ఉంటే రంగు కలిసిన వరస ముక్కలు, ఉదాహరణకి ఇస్పేట్ ఎనిమిది-తొమ్మిది, రంగు కలిసిన ఏ ఆసైనా. రెండూ ఒకే రంగు అన్న ఒక్క కారణంతో రాణి-మూడు ఆడొద్దు. రంగు కలవడం వల్ల పెరిగే బలం నూటికి రెండు మూడు పాళ్లే. ఫ్లాప్‌లోనే నిండు ఫ్లష్ పడటం నూటికి ఒక్కసారి కూడా ఉండదు.

కూర్చున్న చోటుకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఫ్లాప్ నుంచి బటన్ మీదున్నవాడు ప్రతిసారీ ఆఖర్న మాట్లాడతాడు. అందరూ చెక్ అన్నారా, ఎవరు వేశారు, ఎవరు ఆలోచించి కాల్ చేశారు, అన్నీ చూశాకే ఆయన వంతు వస్తుంది. రమ్మీలో మీ పై చేతివాడు ఏది పారేస్తున్నాడో, కింది చేతివాడు ఏది ఎత్తుతున్నాడో గమనించినవాళ్లే గెలుస్తారు కదా. ఆ చూపు మీకు ఇక్కడా పనికొస్తుంది, ముక్కల బదులు పందేల మీద పెట్టాలంతే. ఫ్లాప్‌కి ముందు ఊరికే కాల్ చేసి, రెండు ఆఠీన్‌లున్న ఫ్లాప్ మీద కూడా కాల్ చేసి, మూడో ఆఠీన్ పడగానే ఎదురు పెంచినవాడి చేతిలో ఏముందో ఆయన పందేలే చెప్పేశాయి.

ఆడదలుచుకుంటే పెంచి ఆడండి, ఊరికే కాల్ చేసి లోపలికి జారకండి. పుస్తకాల్లో పెద్ద బ్లైండ్‌కి మూడు రెట్లు పెంచమంటారు. మన ఇళ్లలో మూడు రెట్లకి ఐదుగురు లోపలికి వస్తారు, అందుకే నేను ఐదారు రెట్లు పెంచుతాను. ఎదురు ఒక్కడే ఉంటే, ఆయన ముక్కలు ఏవైనా సరే, రెండు ఆసులు సుమారు నూటికి 85 సార్లు గెలుస్తాయి. నలుగురుంటే 56, ఎనిమిది మందీ ఆఖరిదాకా ఉంటే 35 సార్లే. 'నాకు ఆసుల జత పడితే ఎప్పుడూ ఓడతాను' అని వాపోయేవాళ్లని గమనించండి, వాళ్లు ఎప్పుడూ చవగ్గా ఫ్లాప్ చూపించి ఆరుగురిని లోపలికి పిలిచి ఉంటారు. అంతా సరిగ్గా చేసినా ఆసుల జత మీద రాజుల జత నూటికి పద్దెనిమిది సార్లు గెలుస్తుంది. అది మీ తప్పు కాదు. ఆ రాత్రి ఓడినా అది సరైన ఆటే.

ధర లెక్క గురించి కాస్త ఓపికగా చదవండి. టర్న్ అయింది, మీకు నాలుగు ఆఠీన్‌లు కలిశాయి, ఐదోది కావాలి. మీకు కనిపించని ముక్కలు 46, వాటిలో ఆఠీన్‌లు 9. అంటే నూటికి దాదాపు ఇరవై. పాట్‌లో 40 డాలర్లుంటే ఎదుటివాడు 20 వేశాడు. మీరు 20 కడితే పాట్ 80 అవుతుంది, మీ వాటా నాలుగో వంతు. నూటికి ఇరవై ఐదు సార్లు ముక్క పడితేనే కట్టిన డబ్బు కిట్టుబాటవుతుంది, పడేది ఇరవై. కాబట్టి ఫోల్డ్. ఆయన 10 మాత్రమే వేసి ఉంటే 60 పాట్‌కి 10 కట్టాలి, ఆరో వంతు, నూటికి పదిహేడు. అప్పుడు కాల్. ముక్క పడ్డాక ఆయన ఇంకా ఇస్తాడని గట్టి నమ్మకం ఉంటే మొదటి సందర్భంలోనూ కాల్ చేయొచ్చు, కానీ ఆ నమ్మకం మనిషిని బట్టి ఉండాలి, ఆశని బట్టి కాదు.

టేబుల్ దగ్గర భాగహారాలు చేయలేం కదా అంటారా. మీకు పనికొచ్చే ముక్కలెన్నో లెక్కపెట్టి, ఒక్క ముక్క రావాల్సి ఉంటే రెండుతో, ఫ్లాప్ మీద ఉండి రెండూ చూడబోతుంటే నాలుగుతో గుణించండి. వచ్చేది నూటికి ఎన్నిసార్లో సుమారుగా తెలుస్తుంది. రెండు వైపులా తెరుచుకున్న సీక్వెన్స్‌కి, అంటే ఐదు-ఆరు-ఏడు-ఎనిమిది ఉంటే, ఎనిమిది ముక్కలు. మధ్య ముక్క కోసం కాచుకుంటే నాలుగే. మధ్య ముక్క కోసం ఉన్నవాడు నిండా మునుగుతాడని రమ్మీలో మీకు ముందే తెలుసు. ఇక్కడ అది ఇంకా నిజం, ఎందుకంటే జోకర్ లేదు.

చిన్న జతల గురించి ఒక్క ముక్క. చేతిలో ఆరుల జత ఉంటే ఫ్లాప్‌లో మూడో ఆరు పడేది ఎనిమిది తొమ్మిది సార్లకి ఒకసారి. కాల్ చేయాల్సిన దానికి కనీసం పదిహేను రెట్లు ఎదుటివాడి ముందు చిప్స్ ఉంటేనే వెళ్లండి. ఆరు పడలేదా, ఎవరైనా వేస్తే వదిలేయండి.

బ్లఫ్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. సినిమాల్లో చూసి అందరూ పోకర్ అంటే బ్లఫ్ అనుకుంటారు. లెక్క తేలికే: పాట్‌లో సగం వేసి బ్లఫ్ చేస్తే మూడింట ఒకసారి వాళ్లు పడేస్తే చాలు, పాట్ అంతా వేస్తే రెండింట ఒకసారి పడేయాలి. కానీ మీ శనివారం టేబుల్ మీద పడేసేవాళ్లు ఎవరున్నారు? మా ఆటలో ఒకాయన ఉన్నారు, భీమవరం వైపు, బంగారంలాంటి మనిషి. 'చూద్దాం నీ దగ్గరేముందో' అనకుండా ఏ చెయ్యీ వదలరు. ఆయన్ని బ్లఫ్ చేయబోయి నేను ఒక ఏడాదిలో పోగొట్టుకున్నది నోట్‌బుక్‌లో కూడితే నాకే భయమేసింది. ఆ తర్వాత ఆయన ముందు ఒక్క బ్లఫ్ కూడా చేయలేదు. మంచి చెయ్యి వస్తే మాత్రం దాచకుండా పాట్‌లో మూడింట రెండు వంతులు వేస్తాను, ఆయన కాల్ చేస్తారు. పడేయనివాడి మీద బ్లఫ్ వద్దు, మంచి చెయ్యి ఉన్నప్పుడు గట్టిగా వేయండి. మీ మొదటి ఆరు నెలలకి ఇది చాలు.

టేబుల్ మర్యాదలు కొన్ని, ఇవి కూడా డబ్బుతో ముడిపడినవే. మీ వంతు రాకుండా ప్యాక్ అనకండి, మీ వెనకవాళ్లకి ఉచితంగా సమాచారం ఇచ్చినట్టు. 'నీ ఇరవై, దాని మీద ఇంకో నలభై' అని సాగదీయడం కుదరదు. కాల్ అన్నారంటే కాలే, పెంచాలంటే ముందే 'రెయిజ్' అనాలి. చెయ్యి మధ్యలో జేబులోంచి డబ్బు తీయకూడదు, టేబుల్ మీద ఉన్నంత వరకే పందెం. అంతా తోసేసిన తర్వాత మిగిలినవాళ్లు ఎక్కువ ఆడితే దానికి సైడ్ పాట్ వేరే పెడతారు. ఎప్పుడైనా సరిహద్దు దాటి ఒక్లహోమాలో విన్‌స్టార్ లాంటి కసీనోకి వెళ్తే, చెయ్యి నడుస్తుండగా పక్కనున్న మనవాడితో తెలుగులో మాట్లాడకండి. అమెరికా కసీనోల్లో చెయ్యి నడిచేంతసేపూ టేబుల్ దగ్గర ఇంగ్లీషే మాట్లాడాలనే రూల్ మామూలు. ఇద్దరు కలిసి ఆడుతున్నారన్న అనుమానం రాకూడదని ఆ రూల్.

ఇప్పుడు డబ్బు. మూడు శనివారాలు పోయాయన్నారు, మూడోసారి ఎక్కువ పోయిందన్నారు. ఎందుకో నాకు తెలుసనే అనుకుంటున్నాను. మన పేకాట బల్లల దగ్గర ఒక మాట తిరుగుతుంది, 'పోయిన చోటే వెతుక్కోవాలి' అని. ఆ మాట నమ్మి నేను ఒక రాత్రి తెల్లవారుజామున మూడింటికి నాలుగోసారి చిప్స్ కొన్నాను. అప్పటికి నేను ముక్కలు చూడటం లేదు, నన్ను గెలిచిన మనిషినే చూస్తున్నాను. ఆ నెల ఇంట్లో చెప్పలేక పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది. ఇప్పుడు నా పద్ధతి ఇది: రాత్రికి రెండుసార్ల కంటే ఎక్కువ చిప్స్ కొనను. పావలా-అర్ధ డాలర్ బ్లైండ్‌ల ఆటైతే 50 డాలర్లు చొప్పున రెండుసార్లు, అంతే. రెండోది అయిపోతే టీ తాగి ఇంటికెళ్తాను. ఆట డబ్బు వేరే కవరులో ఉంటుంది, అద్దె డబ్బూ కార్డు డబ్బూ దాని దగ్గరికి రావు. మీకు ఆపలేకపోతున్నానని అనిపించిన రోజు దయచేసి ఆడటం మానేసి ఇంట్లో వాళ్లకి చెప్పండి, అప్పు చేసి మాత్రం కూర్చోకండి.

మీ హోస్ట్‌కి ఒక మాట చెప్పండి. టెక్సాస్ చట్టంలో ఇంటి ఆటకి రక్షణ దొరకాలంటే అది ప్రైవేటు చోట జరగాలి, గెలుపు తప్ప ఎవరికీ ఇంకే ఆదాయం రాకూడదు, ఆటలో అవకాశాలు అందరికీ సమానంగా ఉండాలి. కాబట్టి ప్రతి పాట్‌లోంచి కాస్త తీసి పక్కన పెట్టడం వద్దు. బిర్యానీ ఖర్చు విడిగా పంచుకోండి.

తమ్ముడి సంగతి. 1968లో సుప్రీంకోర్టు, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, ముఖ్యంగా నైపుణ్యం ఆట అని చెప్పింది. ఆ తీర్పు చూపించి ఇప్పటికీ చాలామంది పోకర్ కూడా ఫర్వాలేదంటారు. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలని సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని దేశమంతటా నిషేధించింది. అతన్ని ఇందులోకి లాగకండి. ప్రాక్టీస్ కావాలంటే వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరూ ఒక్కో పేకముక్కల కట్ట తెరిచి, నాలుగు ఆఠీన్‌లు పెట్టి ఐదోది ఎన్నిసార్లు పడుతుందో యాభై సార్లు పంచి చూడండి. నేను అలాగే నేర్చుకున్నాను, పైసా ఖర్చు లేదు.

వచ్చే శనివారం ఆడాక మీకు సందేహం వచ్చిన రెండు మూడు చేతులు రాసి పెట్టండి. టేబుల్‌లో ఎంతమంది, బటన్ నుంచి మీరెక్కడ, ఒక్కొక్కరి ముందు చిప్స్ ఎంత, ఎవరు ఎప్పుడు ఎంత వేశారు, ఈ నాలుగూ ఉండాలి. ఎవరు గెలిచారన్నది మాత్రం రాయకండి. అది తెలిస్తే నా అభిప్రాయం కూడా అటే వంగుతుంది.